స్వగ్రామమున మనము చుట్టములమా, ఇంటివారమా?

వేసవి సెలవులకు పిల్లాపాపలతో స్వగ్రామమునకు పోయి పక్షమో నెలయో గడపి వచ్చుట మనవారికి తరతరములుగా వచ్చుచున్న ఆచారము. పొరుగు రాష్ట్రములలో స్థిరపడిన తెలుగు కుటుంబములకు దీని విలువ మరింత యెక్కువ. ఏడాది పొడుగున బడిలో ఒక భాష, బజారులో ఒక భాష మాటలాడిన పిల్లలు ఆ నాలుగు వారములే నాయనమ్మ నోటి తెలుగు విందురు. పనసతొనల వాసనను, పెరటి నూతి చల్లదనమును, ఆరుబయట నులకమంచములపై నిద్రను గూర్చి ఇట్టి సంచికలలో ఎందరో ఇంపుగా వ్రాసిరి. ఆ ఆనందమును మేమును అనుభవించినవారమే. అయినను వయసు మీరిన కొలది ఒక ప్రశ్న మమ్ము విడువకున్నది. సెలవులకు ఊరికి పోయినప్పుడు మనము అచ్చట ఎవరము? చుట్టములమా, ఇంటివారమా? చుట్టములమైనచో ఇన్ని దినములు ఉండ దగునా? ఇంటివారమైనచో పని యేల చేయము?

ఈ ప్రశ్న మాకు మొదట తోచినది ఊరిలో కాదు, కచేరీలో. మేము కేంద్ర ప్రభుత్వ కార్యాలయమొకదానియందు ముప్పదియెనిమిదేండ్లు గుమాస్తాగా పనిచేసితిమి. ఉద్యోగులకు సెలవు ప్రయాణ రాయితీ, అనగా లీవు ట్రావెల్ కన్సెషన్, 1956లో ఏర్పడినది. దానిని పొందగోరు ఉద్యోగి తన హోం టౌను ఏదియో ముందుగా వ్రాసి యీయవలెను. ఒకమారు వ్రాసినది ఖాయము. తగిన కారణమున్నచో సర్వీసు మొత్తములో ఒక్కసారి మాత్రమే మార్చుకొనవచ్చును. ఆ కాగితములు ఏండ్ల తరబడి మా బల్లమీదుగానే పోయినవి.

ఉద్యోగి మార్పు కోరినప్పుడు అది నిజముగా అతని స్వస్థలమేనా యని తేల్చుటకు నిబంధనలలో కొన్ని కొలతలు కలవు. కుటుంబ సంబంధమైన, సాంఘికమైన బాధ్యతలు నెరవేర్చుటకు అతడు అప్పుడప్పుడు స్వయముగా అచ్చటికి పోవలసిన అవసరమున్నదా? అచ్చట అతనికి గాని, అతడు చేరిన ఉమ్మడి కుటుంబమునకు గాని ఇల్లు ఉన్నదా? దగ్గరి బంధువులు అచ్చట నివసించుచున్నారా? ఉద్యోగమున చేరుటకు పూర్వము అతడు అచ్చట కొన్నేండ్లు ఉండెనా? ఇవి ఆ కొలతల సారాంశము. గాలి మంచిదా, మామిడిపండ్లు దొరకునా యని ఎవరును అడుగరు. ఎంతటి పొడి కచేరీ భాషలో వ్రాసినను అందొక ధర్మసూక్ష్మము దాగియున్నదని మాకు తోచినది. తన రాక ఎచ్చట అవసరమో అదియే స్వస్థలమని దాని భావము.

మా కాగితములో మేము వ్రాసిన ఊరు శ్రీకాకుళం జిల్లాలో కవిటి ప్రాంతమునందలి ఒక చిన్న గ్రామము. మేము పుట్టి పెరిగి కాపురమున్నది బరంపురము. రెంటికి నడుమ రైలు ప్రయాణము రెండు గంటలు దాటదు. మా తాతగారు ఆ పల్లెనుండి బరంపురమునకు గుమాస్తా కొలువునకు వచ్చిననాడు ఆయన పరరాష్ట్రమునకు రాలేదు. అప్పటికి రెండును మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలోనివే. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రమేర్పడి జిల్లా చీలినది. బరంపురము అటు పోయెను. ఇచ్ఛాపురము, సోంపేట విశాఖపట్టణం జిల్లాలో చేరి, 1950లో శ్రీకాకుళం జిల్లా కాగా అందులోనికి వచ్చెను. తాతగారు కదలలేదు, ఎల్లయే కదలినది. ఆనాటినుండి ఆయన సంతతికి పల్లెయందున్న శాఖ, పట్టణమందున్న శాఖ అను రెండు శాఖలేర్పడెను. పల్లెశాఖ నేలను, ఇంటిని, ఇలవేలుపును కాపాడెను. పట్టణశాఖ వేసవికి వచ్చుచుండెను.

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మొదలగు ప్రాంతములను కలిపి ఉద్దానమందురు. ఉద్యానమను మాటయే అట్లు మారినదని పెద్దలు చెప్పుదురు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో అది పేరునకు తగినట్లే యుండును. వేసవిలో అచ్చట దిగిన పట్టణవాసికి కనబడునది నీడయు, పండ్లును, తాటిముంజెలును. ఊరివారికి కనబడునది వేరు. జీడిపిక్కలు మార్చి మొదలు మే వరకు రాలుచుండును. వానిని ఎండ ముదురక మునుపే యేరి, కాయను విడదీసి, ఆరబెట్టవలెను. కొబ్బరి దింపు ఆగదు. తొలకరిలోపల చేలకు పెంట తోలవలెను, పాకలకు కప్పు నేయవలెను, వంటచెరకు తడవని చోట చేర్చవలెను. ఇంటిలోని స్త్రీలకు చింతపండు గింజ తీయుట, ఏడాదికి సరిపడు ఆవకాయ, వడియములు, అప్పడములు, మామిడితాండ్ర. వానకాలమునకు ముందు రెండు నెలలలో ముగింపవలసిన పని అంతయు అప్పుడే వచ్చి మీద పడును. సరిగా అప్పుడే మనమును దిగుదుము.

గుమాస్తాగిరీ చేసినవారికి లెక్క వేయకున్న తోచదు. మా ఇంటినుండియు, మా తమ్ముని ఇంటినుండియు, చెల్లెలి ఇంటినుండియు కలిసి పదునలుగురు ఇరువది దినములుందురనుకొందము. మూడు పూటలకు ఎనిమిదివందల నలుబది విస్తళ్ళగును. కాఫీలు, పిల్లల చిరుతిండ్లు ఈ లెక్కలో చేరవు. కట్టెలపొయ్యి పోయి గ్యాసు వచ్చినది కాని, వండువారి చేతులు రెండే. మా వదినగారు ఒక ఏడు నవ్వుచునే యిట్లనిరి: “మీరొచ్చినన్నాళ్ళూ మీకు సెలవులు బాబూ. మీరెళ్ళిన మర్నాడు మొదలు మాకు సెలవులు.” అందరును నవ్విరి. ఆమెయు నవ్వెను. ఆ మాటలో కోపము లేదు, లెక్క మాత్రమున్నది.

దీనికి కొందరు చెప్పు సమాధానము కలదు. అతిథిని ఆదరించుట గృహస్థుని ధర్మము. వచ్చినవారికి వండి పెట్టుటలోనే మన ఇల్లాండ్రకు తృప్తి యున్నది. దానిని కష్టముగా లెక్కించుట వారి ప్రేమను అవమానించుటయే యని వారందురు. ఇందు కొంత నిజము లేకపోలేదు. మా రాకకై మా వదినగారు పది దినముల ముందునుండియే ఎదురుచూచుట మేమెరుగుదుము. అయితే అతిథి యను మాటకే తిథి నియమము లేక వచ్చినవాడని పెద్దలు అర్థము చెప్పుదురు. దారిని పోవుచు ఆకలిగొని వాకిట నిలిచినవానికి ఆ ధర్మము చెల్లును. ఏటేట రైలు టిక్కెట్లు ముందుగా కొని, దినములు లెక్కపెట్టుకొని, సామానుతో దిగువానికి తిథి బాగుగనే తెలియును. అతిథిధర్మము ఇచ్చువానికి చెప్పబడినది. పుచ్చుకొనువాడు దానిని ఎత్తి చూపి అడుగుట శోభింపదు. తృప్తి సంగతియు నంతే. ఒకరి కష్టములో వారికి తృప్తి యున్నదని చెప్పవలసినది ఆ కష్టపడినవారు, తిన్నవారు కాదు.

రెండవ సమాధానము వాటాదారులది. మేము చుట్టములము కాము, తాతగారి ఆస్తిలో మాకును భాగమున్నది, మా ఇంటికి మేము వచ్చుచున్నామని వీరందురు. చట్టము చూడగా ఇది సరియే. ఆంధ్రప్రదేశమున 1986నాటి శాసనముచేతను, దేశమంతటను 2005నాటి శాసన సవరణచేతను ఉమ్మడి ఆస్తిలో ఆడుబిడ్డలకును సమభాగము ఏర్పడినది గనుక మన అక్కచెల్లెండ్రును ఈ మాట అనవచ్చును. కాని భాగము అను మాటకు రెండు చేతులు కలవు. ఒకటి పుచ్చుకొనును, ఒకటి మోయును. పండిన యేడు పాలు అడిగి, ఎండిన యేడు మౌనము వహించు భాగస్వామిని వ్యాపారమున ఎవ్వరును రెండవమారు చేర్చుకొనరు.

2018 అక్టోబరు 11వ తేదీ వేకువన తిత్లీ తుపాను శ్రీకాకుళం తీరమును తాకినది. ఉద్దానమున లెక్కకు మిక్కిలిగా కొబ్బరి, జీడిచెట్లు కూలినవి. మా తోటలో మా తండ్రిగారు నాటిన కొబ్బరిచెట్లలో నిలిచినవి వ్రేళ్ళమీద లెక్కింపదగినవి. దేశవాళీ కొబ్బరి నాటిన పిదప కాపునకు వచ్చుటకు ఆరేడేండ్లు పట్టును. కనుక ఆ ఒక్క రాత్రి పోయినది ఒక పంట కాదు, కొన్నేండ్ల బ్రతుకుతెరువు. ప్రభుత్వము కూలిన చెట్లకు పరిహారమిచ్చినది. ఆ సొమ్ము ఎవరిదను చర్చ మా కుటుంబమునను వచ్చినది. పట్టాలో అందరి పేర్లు ఉన్నవని ఒకరు. కూలిన చెట్లకు అందరమును వారసులమే యని ఒకరు. అప్పుడు మా చెల్లెలు, ఆస్తిలో కొత్తగా హక్కు పొందినది, ఒక్క మాట అనెను: “నీళ్ళు పోసినవాడిదే డబ్బు. మనం కాయలు తిన్నాం.” సొమ్ము మా అన్నగారికి పోయినది. చట్టము ఆమె మాటకు ఒప్పుకొనునో లేదో మేము చెప్పలేము. ఆ మాటకు ఎదురు చెప్పుటకు మాలో ఎవరికిని నోరు రాలేదు.

ఇంతకన్న కఠినమైన సంగతి నీరు. ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి చిరకాలముగా ప్రబలియున్నది. దానికి మూలకారణము ఎందరో వైద్యులు శోధించినను నేటికిని నిశ్చయముగా తేలలేదు. నీటియందే దోషమున్నదని జనుల భయము. అందుచే వేసవికి వచ్చు పట్టణవాసులు కొందరు నీళ్ళ డబ్బాలు కొని తెచ్చుకొందురు. పసిపిల్లల తల్లిదండ్రులను దీనికి తప్పుపట్టుట న్యాయము కాదు. బిడ్డను కాపాడుట ధర్మమే. కాని ఆ దృశ్యమును ఒకమారు ఊహింపుడు. ఒకే పంక్తిలో భోజనమునకు కూర్చుందురు. ఒకరి గ్లాసులో కొన్న నీరు, ఒకరి చెంబులో నూతినీరు. వడ్డించునది నూతినీరు త్రాగు చేయి. ఆ నీరు మనకు ఇరువది దినములకే భయంకరమైనచో, వారికి మూడువందల అరువదియైదు దినములు ఎట్లు సరిపోవునని అడుగుకొనకుండ ఆ అన్నము ఎట్లు దిగును? మా మేనల్లుడు ఈ ప్రశ్నకు ఒక దారి చూపెను. డబ్బాలు తెచ్చినచో ఇంటిల్లిపాదికి తేవలెను, లేనిచో తేరాదు అని నియమము పెట్టెను. ఖర్చు హెచ్చినది, పంక్తి ఒకటైనది. 2023 డిసెంబరులో హిరమండలం జలాశయమునుండి ఉద్దానమునకు మంచినీటిని తెచ్చు పథకమును, పలాసలో మూత్రపిండవ్యాధుల పరిశోధనతో కూడిన ఆసుపత్రియు ప్రారంభమైనవి. మంచిదే. అయినను ఆ నియమమును మేము తీసివేయలేదు.

మా అన్నగారు ఆ వ్యాధివాతనే పడిరి. ఒకటిన్నర సంవత్సరము వారమునకు రెండుమార్లు డయాలసిస్‌కు పలాస పోవలసివచ్చెను. కుమారుడు చెన్నైలో పనిలో నుండెను. తెల్లవారుజామున బయలుదేరి, నాలుగు గంటలు యంత్రము ప్రక్కన కూర్చుండి, సొమ్మసిల్లిన మనిషిని చేయిపట్టి ఇంటికి తేవలెను. ఇది మే నెలలో మాత్రమే వచ్చు పని కాదు. శ్రావణమున, కార్తికమున, ముసురులో, చలిలో వచ్చును. మేము, మా తమ్ముడు, మా కుమారుడు వంతులు వేసికొంటిమి. మాకు పింఛను వచ్చినది గనుక తీరిక యుండెను. తమ్ముడు సెలవులు కోల్పోయెను, మా కుమారునికి కొంత జీతము తెగెను. నిబంధనలోని “స్వయముగా పోవలసిన అవసరము” అను మాటకు అర్థము ఆ ప్రయాణములలో తెలిసినది. స్వగ్రామము సెలవు లేని నెలలలోనే పిలుచును. ఆ పిలుపునకు పోయినవానికే వేసవిలో ఆ ఇంటి నీడలో నడుము వాల్చు అధికారము కలుగునని మా అభిప్రాయము.

అన్నగారు 2019లో గతించిరి. తరువాత మూడేండ్లకు ఇల్లును, తోటను అమ్మి పంచుకొందమను మాట లేచినది. ఇట్టి మాట పుట్టని కుటుంబము నేడు మనలో అరుదు. దానిని లేవదీసినవాడు దురాశాపరుడు కాడని ముందుగా చెప్పవలెను. మా తమ్ముడు రాయపూరులో కాపురము. కుమార్తె పెండ్లి మీదికి వచ్చినది, చేతిలో సొమ్ము లేదు. తన భాగము తనకు పెట్టుడని అడుగుట అతని హక్కు. అన్నగారికి డయాలసిస్ దినములలో వంతు తప్పక వచ్చినవాడు కూడ అతడే. ఒకవైపు అతని అవసరము, ఒకవైపు అరువదేండ్లు దాటిన మా వదినగారు. ఆమె పదునేడవయేట ఆ ఇంట కాలుపెట్టి, మా తల్లిదండ్రులకు చివరి గంజి పోసి, భర్తను సాగనంపి, నేడు అదే పొయ్యి యొద్ద ఒంటిగా నున్నది. చెన్నైకి రమ్మని కొడుకు పిలుచుచున్నాడు. ఆమె పోదు.

ధర్మము ఇట్టిచోట తక్కెడవలె సులభముగా మొగ్గదు. ఇద్దరిలో ఒకరు తప్పు చేయుచుండినచో తీర్పు తేలిక. ఇద్దరును న్యాయము అడుగుచుండినప్పుడు ఏమి చేయవలెను? మేము తలచిన దిది. ధనము అవసరమైనవానికి మరియొక మార్గమున ధనము దొరకవచ్చును. చూరు పోయినవానికి మరియొక చూరు దొరకినను అది ఆ చూరు కాదు. కనుక ఆ కప్పు క్రింద నిద్రించువారి మాట మొదట వినవలెను. తోటను పంచి తమ్ముని భాగమును అమ్మితిమి. ఇంటిని మాత్రము వదినగారు జీవించియున్నంత కాలము కదపరాదని కాగితము వ్రాసుకొంటిమి. తుపాను తరువాత నాటిన మొక్కలు ఇంకను కాపునకు రాలేదు గనుక తోటకు తగిన వెల రాలేదు. మిగిలిన లోటునకు మేము కొంత సర్దితిమి, అది చాలలేదు. పెండ్లి జరిగినది, అప్పుతో. తమ్ముడు ఆ పిమ్మట రెండు వేసవులు ఊరికి రాలేదు. సరియైన పని చేసినచో అందరును సంతోషింతురను మాట కథలలో చెల్లును. ఒకరికి న్యాయము చేయుటలో మరియొకరికి కొంత వెలితి మిగులును. ఆ వెలితిని లేదనుకొనక, దానికి మనమే పూచీపడి యుండవలెను. మేము ప్రతి సంక్రాంతికి తమ్మునికి జాబు వ్రాయుచున్నాము. ఫోనులో పలుకనివాడును జాబు చింపడు గదా.

మరి ప్రతి వేసవికి ఇంతింత యని వదినగారి చేతిలో సొమ్ము పెట్టినచో ఋణము తీరదా యని మా కోడలు అడిగినది. ఈ కాలపు పిల్లలకు ఇది సహజమైన ప్రశ్న. సరకులు తెచ్చి పడవేయుట, కరెంటు బిల్లు కట్టుట, కప్పు బాగుచేయించుట అవశ్యము చేయవలసినవే. కాని దానితో పద్దు మూసివేయుదమనుకొన్నచో అది పూటకూళ్ళ యిల్లగును. మనము బసచేసిన బాటసారులమగుదుము. కచేరీ లెక్కలలో అనామతు ఖాతా యని యొకటి యుండును. ఏ పద్దునకును చేరని మొత్తములను అందులో వ్రాసి యుంచి, ఏటేట ముందునకు తెచ్చుచుందురు. బంధుత్వపు ఋణములు అట్టివి. దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అని పెద్దలు చెప్పిన ఋణములును ఒక్కనాటి చెల్లింపుతో తీరునవి కావు. ఒకరి కొకరు కొంత బాకీపడి యుండుటచేతనే రాకపోకలు నిలుచును. బాకీ లేదనుకొనుట తప్పు. తీరిపోయినదనుకొనుట అంతకన్న పెద్ద తప్పు.

ఇచ్చట మన పొరుగువారైన ఒడియావారినుండి మనము నేర్వదగినది యొకటి కలదు. జూను నడుమ మిథున సంక్రాంతికి వారు రజోపర్వము జరుపుదురు. ఆ మూడు దినములు భూదేవి రజస్వలయై యుండునని వారి నమ్మకము. నాగలి కట్టరు, మట్టి త్రవ్వరు. ఆడపిల్లలు కొత్త బట్టలు కట్టి ఉయ్యాల లూగుదురు. ఇంటి స్త్రీలు రుబ్బుట, దంచుట, వండుట మానుదురు. ముందే చేసి యుంచిన పోడొపిఠాలు తిందురు. పలు ఇండ్లలో మగవారే వంట చేయుదురు. నాలుగవ దినమున భూదేవికి స్నానము చేయించి పిమ్మట సేద్యమునకు దిగుదురు. మనకును ఆ దాపుననే జ్యేష్ఠ పూర్ణిమకు ఏరువాక వచ్చును. ఎద్దులను అలంకరించి నాగలిని పూజించి దుక్కి మొదలుపెట్టుదుము. మన పండుగ పనికి మ్రొక్కును, వారి పండుగ విశ్రాంతికి మ్రొక్కును. రెండు పంచాంగముల నడుమ బ్రతుకు మనకు రెండును దక్కవలెను. ఏడాదియంతయు పండించిన నేలకే మూడు దినములు సెలవు ఈయవలెనని తలచినవారు, ఆ నేలపై వంట చేయు తల్లికిని అదే సెలవు ఇచ్చిరి. విశ్రాంతి అలసినవారికి చెందునన్న న్యాయము ఇంత చక్కగా చెప్పిన పండుగ మరియొకటి మాకు తెలియదు.

బరంపురము వీథిలో పుట్టి పెరిగిన మేము ఆ పండుగను మా పల్లె ఇంటికి తీసికొనిపోతిమి. గత కొన్ని వేసవులనుండి మా మజిలీలో మూడు దినములు మా వదినగారు, కోడండ్రు, కుమార్తెలు వంటయింటి గడప త్రొక్కరు. మగవారమే వండుదుము. పనసపొట్టు తరిగి ఆవపెట్టి కూర వండుట మా కుమారుడు నేర్చెను. చోడి అంబలి కాచుట మా వంతు. మనుమలు విస్తళ్ళు తీయుదురు. పెరటి మామిడికొమ్మకు ఉయ్యాల వేయుదుము. మొదటి యేడు మా వదినగారు ఊరకుండలేక పదిమార్లు లేచి వచ్చిరి. ఇరుగుపొరుగువారు కిటికీలలోనుండి చూచి నవ్విరి. మరుసటి యేడు ఆమె ఉయ్యాల యొద్ద కుర్చీ వేయించుకొనిరి. పల్లెలో మరి రెండిండ్లవారు ఇట్లే చేయుచున్నారని వింటిమి. మిగిలిన దినములలో ఉదయము రెండు గంటలు అందరమును తోటలో పిక్కలేరుటయో, పెంట తట్టలెత్తుటయో, చింతపండు గింజ తీయుటయో చేయుదుము. పట్టణపు పిల్లలకు అరచేతులు బొబ్బలెక్కును. వారు కొత్తమాటలు నేర్చుకొనునది అప్పుడే. దింపు, తట్ట, పీచు, తొలకరి అను మాటలు పుస్తకమున చదివినచో పరీక్ష దాటగనే మరతురు. చేతితో నేర్చినచో మరువరు. భాష నేర్పుటకని పిల్లలను ఊరికి తీసికొనిపోవుదుమని మనమందుము గదా. పనిలేని చోట భాషకును పెద్దగా పని యుండదు.

కడపట మరియొక సంగతి. మన తరమువారికి స్వగ్రామము వేరు, కాపురమున్న ఊరు వేరు. మన బిడ్డలకు అట్లు కాదు. బెంగుళూరునందో, హైదరాబాదునందో, విదేశములందో ఉద్యోగములు చేయుచున్న వారిని మీ స్వస్థలమేదని అడిగినచో బరంపురమనియు, బళ్ళారి యనియు, షోలాపూరనియు, యానామనియు చెప్పుదురు. వేసవి వచ్చినచో వారు పిల్లలతో దిగునది మన యిండ్లకే. వారు వచ్చిన దినమున మన ఇల్లాలు నాలుగు గంటలకు లేచును. వారు వెళ్ళిన మరునాడు మంచమెక్కును. మనమే ఇప్పుడు పల్లెశాఖ యైతిమి. పూర్వము మనము పుచ్చుకొన్న ఆతిథ్యము ఎంత బరువో ఇప్పుడు మన వంటయిండ్లలో తెలియుచున్నది.

కావున ఈ సంచిక చదువు యువతీయువకులకు పెద్దలుగా మేము చెప్పగల మాట ఒకటే. సెలవులకు తప్పక రండి. మీ రాక లేని వేసవి ఏ ముసలి దంపతులకును వేసవి కాదు. అయితే రైలు దిగినప్పుడు మీ సంచి మీరే మోసికొని, లోనికి వచ్చి చెంబు అందుకొనక మునుపు, ఇంటిలో ఏ పని మిగిలియున్నదని ఒకమాట అడుగుడు. చుట్టము ఆ మాట అడుగడు. ఇంటివాడు అడుగక మానడు.